ప్యాచ్ రిలీజ్ సవ్యంగా చేయడం ఎలా? లైబ్రరీ మెయింటెయినర్లకు సమగ్ర మార్గదర్శి

"ఫిక్స్ మెర్జ్ అయి నెల దాటింది, రిలీజ్ ఎప్పుడు?" ఓపెన్ సోర్స్ లైబ్రరీ నడిపే ఎవరికైనా ఈ ప్రశ్న తప్పదు. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "చిన్న బగ్ ఫిక్స్ రిలీజేగా, ఇంత టెన్షన్ ఎందుకు?" టెన్షన్‌కు కారణం ఉంది. ప్యాచ్ రిలీజ్‌ను, అంటే బగ్ ఫిక్స్‌లు మాత్రమే ఉండే చిన్న రిలీజ్‌ను, చాలామంది చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) కూడా చదవకుండా తీసుకుంటారు. కొన్ని చోట్ల ఆటోమేటిక్‌గా అప్‌డేట్ అయిపోతుంది. అంత నమ్మకంతో తీసుకున్నవాళ్ళ కోడ్ మన వల్ల పగిలిపోతే, ఆ తర్వాత వాళ్ళు ప్యాచ్ రిలీజులను కూడా వాయిదా వేయడం మొదలుపెడతారు. అప్పుడు నిజంగా అవసరమైన ఫిక్స్ కూడా వాళ్ళకు చేరదు.

ఇద్దరి నుంచి ఐదుగురు దాకా మెయింటెయినర్లున్న లైబ్రరీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఉదాహరణకు ఒకే పరిస్థితి తీసుకుందాం: 3.0 ఇప్పటికే బయటికొచ్చింది, మెయిన్ బ్రాంచ్‌లో 3.1 పని నడుస్తోంది, పాత 2.4 సిరీస్‌కు ఇంకా సపోర్ట్ ఉంది. 2.4.2 తర్వాత 2.4.3 ఇవ్వాలి.

## 1. పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ముందుగా ఈ రిలీజ్‌కు ఒక్కరే బాధ్యులు కావాలి. రిలీజ్ మేనేజర్ అనండి, ఇంకేమైనా అనండి, "ఇది వెళ్తుంది, ఇది ఆగుతుంది" అని చివరి మాట చెప్పేది ఒక్కరే. "అందరం కలిసి చూసుకుందాం" అనుకున్న చోట ట్యాగ్ (రిలీజ్ కోడ్‌కు గిట్‌లో పెట్టే వెర్షన్ పేరు) ఎవరు వేశారో, అప్‌లోడ్ ఎవరు చేశారో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. ప్రతి రిలీజ్‌కూ ఆ మనిషి మారితే ఇంకా మంచిది, పని తెలిసినవాళ్ళు పెరుగుతారు.

తర్వాత వీటికి జవాబులు రాసి పెట్టుకోండి:

- ఏయే సిరీస్‌లకు రిలీజ్ ఇస్తున్నాం? 2.4 ఒక్కదానికేనా, 3.0కు కూడానా?
- ఏ తేదీ దాకా ఫిక్స్‌లు తీసుకుంటాం? ఏ తేదీన రిలీజ్?
- ప్యాకేజీ రిజిస్ట్రీలో (యూజర్లు లైబ్రరీని దించుకునే చోట) అప్‌లోడ్ చేసే అనుమతి ఎవరెవరికి ఉంది? వాళ్ళలో కనీసం ఇద్దరు ఆ రోజు అందుబాటులో ఉంటారా?
- 2.4.x బ్రాంచ్‌లో సీఐ (మార్పులపై టెస్టులను దానంతటదే నడిపే వ్యవస్థ) ఇప్పటికీ నడుస్తోందా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. పాత బ్రాంచ్‌ను నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఈలోగా సీఐ ఇమేజ్ మారిపోతుంది, ఏదో డిపెండెన్సీ కొత్త వెర్షన్ వస్తుంది. ఫిక్స్ ఒక్కటీ కలపకముందే టెస్టులు ఎర్రగా ఉంటాయి. అందుకే మొదటి రోజే 2.4.x బ్రాంచ్‌పై, మార్పేమీ లేకుండా, సీఐ ఒకసారి నడపండి. ముందు దాన్ని పచ్చగా చేసుకోండి. లేదంటే తర్వాత వచ్చే ప్రతి ఫెయిల్యూర్ పాతదో కొత్తదో తేల్చడానికే సమయమంతా పోతుంది.

## 2. ఏది లోపలికి, ఏది బయటికి

ప్యాచ్ రిలీజ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని ఇదే. కోడ్ రాయడం సులువు, "ఇది ఈసారి వద్దు" అని తోటి మెయింటెయినర్‌కు చెప్పడం కష్టం. ముందే నియమం రాసి ఉంటే ఆ మాట చెప్పడం తేలికవుతుంది.

సెమాంటిక్ వెర్షనింగ్ ప్రకారం మూడో అంకె పెరిగిందంటే పాత కోడ్‌ను పగలగొట్టని బగ్ ఫిక్స్‌లు మాత్రమే ఉన్నాయని అర్థం. లైనక్స్ కెర్నల్ స్టేబుల్ రిలీజులకు ఇంకా గట్టి నియమాలున్నాయి: ఫిక్స్ ముందుగా మెయిన్‌లైన్‌లో ఉండాలి, చుట్టుపక్కల లైన్లతో కలిపి ప్యాచ్ 100 లైన్లు దాటకూడదు. మీ లైబ్రరీకి అదే అంకె అక్కర్లేదు. కానీ ఏదో ఒక హద్దు ఉండటం వల్ల చర్చ తొందరగా ముగుస్తుంది.

నేను వాడే వడపోత ఇది.

తీసుకోవాల్సినవి:

- తప్పు ఫలితం ఇస్తున్నవి, డేటా పాడు చేస్తున్నవి, క్రాష్ అవుతున్నవి
- 2.4.1లో పనిచేసి 2.4.2లో చెడిపోయినవి, అంటే రిగ్రెషన్లు
- కొత్త కంపైలర్ మీదో కొత్త రన్‌టైమ్ మీదో ఇన్‌స్టాలే కాకుండా పోయినవి
- డాక్యుమెంటేషన్‌లో మనుషుల్ని తప్పుదోవ పట్టించే పొరపాట్లు

ఆపాల్సినవి:

- కొత్త ఫంక్షన్, కొత్త పారామీటర్, ఎంత చిన్నదైనా సరే
- కోడ్‌ను శుభ్రం చేయడం, పేర్లు మార్చడం, ఫార్మాటింగ్
- డిపెండెన్సీ కనీస వెర్షన్ పెంచడం
- కొత్తగా డిప్రికేషన్ వార్నింగ్ ("ఇది ఇక వాడొద్దు" అనే హెచ్చరిక) చేర్చడం

చివరి దాని మీద వాదనలు జరుగుతాయి. "వార్నింగే కదా" అంటారు. కానీ వార్నింగులను ఎర్రర్లుగా లెక్కించే ప్రాజెక్టులు చాలా ఉన్నాయి. వాళ్ళ బిల్డ్ రాత్రికి రాత్రి ఆగిపోతుంది.

ఇక మధ్యలో మరో రకం ఉంటుంది: బగ్ నిజమే, ఫిక్స్ కూడా సరైనదే, కానీ ఆ తప్పు ప్రవర్తన మీదే ఆధారపడి జనం కోడ్ రాసేసుకున్నారు. సార్ట్ చేయకుండా రావాల్సిన జాబితా పొరపాటున సార్ట్ అయి వస్తోందనుకోండి. దాన్ని సరిచేస్తే ఎంతమంది టెస్టులు పడతాయో ఊహించలేం. ఇలాంటివి 3.1కు వదిలేయడమే మేలని నా అభిప్రాయం. డేటా పోతున్నప్పుడు మాత్రం ఈ మొహమాటం అక్కర్లేదు, సరిచేసి చేంజ్‌లాగ్‌లో మొదటి లైన్‌గా రాయండి.

ఎంపిక అయిపోగానే 2.4.3 పేరుతో ఒక మైల్‌స్టోన్ తెరిచి అన్ని ఇష్యూలూ అందులో పెట్టండి. ఆగినవాటికి "3.1కు" అని లేబుల్ వేసి, ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పండి. బగ్ రిపోర్ట్ చేసిన మనిషికి ఆ ఒక్క వాక్యం బాకీ ఉన్నాం.

## 3. ఫిక్స్ ముందు మెయిన్‌లోకి, ఆ తర్వాతే పాత బ్రాంచ్‌లోకి

ఈ వరుస తప్పకూడదు. తొందరలో నేరుగా 2.4.xలో ఫిక్స్ పెట్టి "మెయిన్‌లో తర్వాత పెడదాం" అనుకుంటే, ఆ తర్వాత అన్నది రాదు. 2.4.3లో పోయిన బగ్ 3.1లో మళ్ళీ కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ అయినవాళ్ళకు పాత బగ్ తిరిగి రావడం కన్నా చేదు అనుభవం ఉండదు. మెయిన్‌లో ఆ కోడే లేకుండా పోయినప్పుడు మాత్రం దీనికి మినహాయింపు. ఆ సంగతి కమిట్ మెసేజ్‌లో రాయండి.

బ్యాక్‌పోర్ట్ చేసేటప్పుడు, అంటే మెయిన్‌లోని ఫిక్స్‌ను పాత బ్రాంచ్‌లోకి తెచ్చేటప్పుడు, "గిట్ చెర్రీ-పిక్ -ఎక్స్" వాడండి. ఆ -ఎక్స్ వల్ల, ఇది ఏ కమిట్ నుంచి వచ్చిందో కమిట్ మెసేజ్‌లో ఒక లైన్ చేరుతుంది. ఆరు నెలల తర్వాత "ఈ ఫిక్స్ 2.4లో ఉందా?" అని ఎవరైనా అడిగితే వెతకడం నిమిషం పని.

ఇప్పుడు ఒక బ్యాక్‌పోర్ట్‌ను దగ్గరగా చూద్దాం. మన లైబ్రరీ కాన్ఫిగరేషన్ ఫైళ్ళు చదువుతుంది. ఫైలు చివర కొత్త లైన్ లేకపోతే ఆఖరి కీ మాయమవుతోంది. మెయిన్‌లో దీన్ని సరిచేశారు, కానీ ఆ పుల్ రిక్వెస్ట్ విప్పి చూస్తే 340 లైన్లున్నాయి. అందులో అసలు ఫిక్స్ ఆరు లైన్లు. మిగతాది పార్సర్‌ను రెండు ఫైళ్ళుగా విడగొట్టడం. ఇంకా కిందికి వెళ్తే మరో మార్పు కనిపిస్తుంది: ఖాళీ ఫైలు ఇస్తే ఇంతకుముందు ఖాళీ డిక్షనరీ వచ్చేది, ఇప్పుడు ఎక్సెప్షన్ వస్తుంది.

దీన్ని మొత్తంగా చెర్రీ-పిక్ చేస్తే ఏమవుతుంది? ఆఖరి కీ దొరుకుతుంది, కానీ ఖాళీ ఫైలుతో ఇన్నాళ్ళూ హాయిగా నడిచిన ప్రోగ్రాములు ఆగిపోతాయి. ఇక్కడ చేయాల్సింది: ఆరు లైన్లను 2.4.x కోడ్‌కు తగ్గట్టు చేత్తో రాయడం, టెస్టును మాత్రం మెయిన్ నుంచి తెచ్చుకోవడం, ఎక్సెప్షన్ మార్పును వదిలేయడం. కమిట్ మెసేజ్‌లో "మెయిన్‌లోని ఫలానా కమిట్ నుంచి ఫిక్స్ భాగం మాత్రమే" అని రాస్తే సరిపోతుంది.

ఆ తర్వాత రెండు పరీక్షలు. మొదటిది: ఫిక్స్ లేకుండా కొత్త టెస్టును 2.4.x మీద నడపండి, అది ఫెయిల్ కావాలి. రెండోది: ఫిక్స్ పెట్టి నడపండి, పాస్ కావాలి. మొదటి పరీక్షను చాలామంది వదిలేస్తారు. ఫిక్స్ లేకుండానే టెస్ట్ పాస్ అయితే ఆ బగ్ 2.4లో లేనట్టు, లేదా మన టెస్ట్ దాన్ని పట్టుకోనట్టు. రెండింట్లో ఏదైనా తెలుసుకోవాల్సిందే.

మరో మాట. చెర్రీ-పిక్‌లో కాన్‌ఫ్లిక్ట్ రాలేదని నిశ్చింతగా ఉండొద్దు. గిట్ చూసేది లైన్లను, అర్థాన్ని కాదు. ఫిక్స్‌లో పిలిచిన హెల్పర్ ఫంక్షన్‌కు మెయిన్‌లో ఒక డిఫాల్ట్ విలువ, 2.4లో ఇంకో డిఫాల్ట్ విలువ ఉండొచ్చు. ప్యాచ్ శుభ్రంగా కూర్చుంటుంది, ఫలితం తప్పు వస్తుంది. కాబట్టి బ్యాక్‌పోర్టుకు కూడా రివ్యూ కావాలి, వీలైతే అసలు ఫిక్స్ రాసినవాళ్ళతోనే.

## 4. ఫ్రీజ్, రిలీజ్ క్యాండిడేట్

చెప్పిన తేదీ రాగానే 2.4.x బ్రాంచ్‌ను మూసేయండి. బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో మెర్జ్ అనుమతి రిలీజ్ మేనేజర్‌కు మాత్రమే ఉంచితే మాటల అవసరమే రాదు. ఫ్రీజ్ తర్వాత లోపలికి రాగలిగేది ఈ రిలీజ్ కోసం చేసిన మార్పుల వల్ల పుట్టిన సమస్యకు ఫిక్స్ ఒక్కటే. "ఇంకో చిన్న ఫిక్స్" వస్తే 2.4.4కు వెళ్తుంది.

ప్రతి ప్యాచ్‌కూ రిలీజ్ క్యాండిడేట్ (ఆర్‌సీ, అసలు రిలీజ్‌కు ముందు పరీక్షకు ఇచ్చే వెర్షన్) అవసరమా? మూడు చిన్న ఫిక్స్‌లైతే అక్కర్లేదు. పార్సింగ్, మెమరీ, థ్రెడ్లు, బిల్డ్ స్క్రిప్టులు ముట్టుకుంటే మాత్రం 2.4.3ఆర్‌సీ1 ఇచ్చి కొన్ని రోజులు ఆగండి. పైథాన్ ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే పిప్ మామూలుగా ఇలాంటి ప్రీ-రిలీజులను ఎంచుకోదు, అడిగినవాళ్ళకే ఇస్తుంది. జావాస్క్రిప్ట్ వాళ్ళ ఎన్‌పీఎంలో అయితే "నెక్స్ట్" లాంటి వేరే ట్యాగ్ (గిట్ ట్యాగ్ కాదు, ఎవరికి ఏ వెర్షన్ ఇవ్వాలో చెప్పే ఎన్‌పీఎం గుర్తు) మీరే ఇవ్వాలి, లేదంటే పాత క్లయింట్లతో అది అందరికీ వెళ్ళిపోతుంది.

ఆర్‌సీ ఇచ్చి ఊరుకుంటే ఎవరూ ప్రయత్నించరు. మీ లైబ్రరీని ఎక్కువగా వాడే మూడు నాలుగు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు ఎంచుకుని, వాటి టెస్టులను మీరే ఆర్‌సీ మీద నడపండి. మా అనుభవంలో, మా సొంత టెస్టులు పట్టుకోని రిగ్రెషన్లు ఎక్కువగా ఇక్కడే దొరికాయి.

## 5. చేంజ్‌లాగ్

కమిట్ మెసేజ్‌లను కాపీ చేసి అతికించడం చేంజ్‌లాగ్ కాదు. చదివేవాళ్ళకు కావాల్సింది ఒక్కటే: "ఇది నాకు తగులుతుందా?"

పనికిరాని లైన్: "పార్సర్‌లో ఎడ్జ్ కేస్ సరిచేశాం."

పనికొచ్చే లైన్: "ఫైలు చివర కొత్త లైన్ లేనప్పుడు ఆఖరి కీ చదవకుండా వదిలేస్తున్న బగ్‌ను సరిచేశాం. 2.4.0 నుంచి ఉంది."

ఏ వెర్షన్ నుంచి ఉందో తెలియకపోతే బగ్ తెచ్చిన కమిట్‌ను వెతికే "గిట్ బైసెక్ట్"తో కనుక్కోవచ్చు. ఇష్యూ నంబర్ జతచేయండి. రిపోర్ట్ చేసినవాళ్ళకు, ఫిక్స్ రాసినవాళ్ళకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పండి.

## 6. రిలీజ్ రోజు

శుక్రవారం సాయంత్రం వద్దు, సెలవు ముందురోజు వద్దు. రిలీజ్ తర్వాత కనీసం ఒక పూర్తి పని దినం మీరు అందుబాటులో ఉండాలి.

ఈ వరుసలోనే చేయండి:

1. వెర్షన్ నంబర్, చేంజ్‌లాగ్ తేదీ మార్చి కమిట్ చేయండి.
2. 2.4.x చివరి కమిట్ మీద సీఐ పచ్చగా ఉందా చూడండి. నిన్నటి కమిట్ మీద కాదు, ట్యాగ్ వేయబోయే కమిట్ మీదే.
3. మీ మెషీన్‌లో సంతకంతో ట్యాగ్ వేయండి: "గిట్ ట్యాగ్ -ఎస్". ఇంకా పుష్ చేయొద్దు.
4. వేరే ఫోల్డర్‌లో, మీ మెషీన్‌లోని రిపాజిటరీ నుంచే తాజాగా క్లోన్ చేసి, ఆ ట్యాగ్ నుంచి ప్యాకేజీ బిల్డ్ చేయండి.
5. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో ఆ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేసి, దాని మీదే టెస్టులు నడపండి.
6. ప్యాకేజీలోని ఫైళ్ళ జాబితాను 2.4.2 ప్యాకేజీ జాబితాతో పోల్చండి.
7. ట్యాగ్ పుష్ చేయండి, ప్యాకేజీ అప్‌లోడ్ చేయండి.
8. రిజిస్ట్రీ నుంచి మామూలు యూజర్‌లా ఇన్‌స్టాల్ చేసి చూడండి.
9. ఆ తర్వాతే ప్రకటించండి.

నాలుగో మెట్టు ఎందుకంటే, రోజూ పనిచేసే ఫోల్డర్‌లో గిట్‌కు తెలియని ఫైళ్ళు పడి ఉంటాయి. అవి ప్యాకేజీలోకి వెళ్ళిపోవచ్చు. వాటిలో టోకెన్ ఉన్న ఫైలు కూడా ఉండొచ్చు.

ఆరో మెట్టు అతిగా అనిపించొచ్చు. 2024 మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్ళను కుదించే టూల్) ఉదంతాన్ని గుర్తు తెచ్చుకోండి. 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాల్‌లో (విడుదల చేసిన సోర్స్ ప్యాకేజీలో) ఉన్న ఒక బిల్డ్ స్క్రిప్ట్ ఫైలు గిట్ రిపాజిటరీలో లేదు, బ్యాక్‌డోర్‌ను (రహస్యంగా చొరబడే దారిని) నడిపించింది అదే. మన దగ్గర దురుద్దేశం లేకపోయినా, డేటా ఫైలు ఒకటి ప్యాకేజీలో చేరకపోవడం తరచూ జరిగే పొరపాటే. జాబితా పోలిస్తే ఇలాంటివి దొరికే అవకాశం ఉంది.

ఏడో మెట్టు దాటాక వెనక్కి రాలేం. ట్యాగ్ పుష్ చేయగానే సీఐ దానంతటదే పబ్లిష్ చేసే ఏర్పాటు ఉంటే, ఆ పుష్షే ఆఖరి క్షణం అనుకోండి. గో లైబ్రరీలకైతే ట్యాగే రిలీజ్. మాడ్యూల్ ప్రాక్సీ దాన్ని దాచుకున్నాక ట్యాగ్‌ను మార్చి వేస్తే, యూజర్లకు చెక్‌సమ్ సరిపోలట్లేదన్న ఎర్రర్ వస్తుంది.

మన ఉదాహరణలో ఇంకో గొయ్యి ఉంది. 3.0 ఉండగా 2.4.3ను ఎన్‌పీఎంలో ట్యాగ్ చెప్పకుండా పబ్లిష్ చేస్తే, "లేటెస్ట్" 2.4.3 మీదికి వెళ్తుంది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్ళందరికీ పాత సిరీస్ వస్తుంది. ఎన్‌పీఎం 11 దీన్ని అడ్డుకుంటుంది గానీ పాత క్లయింట్లు అడ్డుకోవు. కాబట్టి పాత సిరీస్‌కు ఎప్పుడూ వేరే ట్యాగ్ ఇవ్వండి. గిట్‌హబ్ రిలీజ్ పేజీలో "లేటెస్ట్" గుర్తుకూ, డాక్యుమెంటేషన్ సైట్‌లో "స్టేబుల్" లింకుకూ ఇదే జాగ్రత్త.

## 7. తప్పు బయటికి వెళ్ళిపోతే

కంగారులో చేసే మొదటి తప్పు: అదే నంబర్‌తో సరిచేసిన ప్యాకేజీని మళ్ళీ పెట్టాలనుకోవడం. పైథాన్ రిజిస్ట్రీ పైపీఐలో ఫైలు తొలగించినా అదే ఫైల్ పేరును మళ్ళీ వాడనివ్వదు. ఎన్‌పీఎంలో కూడా ఒకసారి వాడిన పేరు-వెర్షన్ జంటను తిరిగి వాడలేం. జావా వాళ్ళ మావెన్ సెంట్రల్‌లో పబ్లిష్ అయినదాన్ని మార్చలేం. నంబర్లకు కొదవ లేదు, 2.4.4కు వెళ్ళండి.

రెండో తప్పు: ట్యాగ్‌ను జరపడం. అప్పటికే పాత ట్యాగ్ తెచ్చుకున్నవాళ్ళ దగ్గర అది తనంతట తాను మారదు. ఒకే పేరుతో ఇద్దరి దగ్గర రెండు వేర్వేరు కోడ్‌లు ఉంటాయి.

చేయాల్సిన వరుస ఇది:

- సమస్యను ఒక ఇష్యూగా రాసి పైన పిన్ చేయండి. "2.4.3 తీసుకోవద్దు, 2.4.2లో ఉండండి" అని స్పష్టంగా చెప్పండి. వివరాలు తర్వాత.
- రిజిస్ట్రీలో గుర్తు పెట్టండి. పైపీఐ, క్రేట్స్‌లో (రస్ట్ రిజిస్ట్రీ) యాంక్, ఎన్‌పీఎంలో డిప్రికేట్, గోలో అయితే 1.16 నుంచి వచ్చిన రిట్రాక్ట్.
- తప్పుకు కారణమైన కమిట్‌ను రివర్ట్ చేసి (వెనక్కి తీసేసి) 2.4.4 ఇవ్వండి.

యాంక్ అంటే తొలగించడం కాదు. కొత్తగా వెర్షన్ ఎంచుకునేవాళ్ళకు అది కనిపించదు, సరిగ్గా ఆ వెర్షన్నే పట్టుకుని ఉన్నవాళ్ళ బిల్డ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పూర్తిగా తీసేస్తే ఏమవుతుందో 2016 మార్చిలో ఎన్‌పీఎంలోని లెఫ్ట్-ప్యాడ్ చూపించింది: పదకొండు లైన్ల ప్యాకేజీ మాయమైతే లెక్కలేనన్ని బిల్డ్‌లు ఆగిపోయాయి.

మూడో అంశంలో రివర్ట్ అనే ఎందుకన్నానంటే, ఒత్తిడిలో రాసే ఫిక్స్ మీద ఫిక్స్ చాలాసార్లు ఇంకో బగ్ తెస్తుంది. మేం ఒకసారి అలాగే ఒక్క రిలీజ్‌తో పోతుందనుకున్నదానికి మూడు రోజుల్లో మూడు రిలీజులు ఇవ్వాల్సి వచ్చింది. ముందు పాత స్థితికి వెళ్ళి, సరైన ఫిక్స్‌ను నిదానంగా తర్వాతి రిలీజ్‌లో పెట్టండి.

## 8. సెక్యూరిటీ ఫిక్స్ అయితే

ఇక్కడ వరుస కొంత మారుతుంది. ఫిక్స్‌ను ముందుగా బహిరంగంగా మెయిన్‌లో పెడితే, రిలీజ్ వచ్చేలోపే దాడి చేసేవాళ్ళు చదివేస్తారు. ప్రైవేట్ రిపాజిటరీలో ఫిక్స్ సిద్ధం చేసి, సపోర్ట్ ఉన్న అన్ని సిరీస్‌లకూ బ్యాక్‌పోర్టులు తయారుచేసి, మెర్జ్, రిలీజ్, ప్రకటన అన్నీ ఒకే రోజు గంటల వ్యవధిలో చేయండి. గిట్‌హబ్ సెక్యూరిటీ అడ్వైజరీలో దీనికి ప్రైవేట్ ఫోర్క్ సదుపాయం ఉంది, సీవీఈ నంబర్ (సెక్యూరిటీ లోపానికి ఇచ్చే ప్రామాణిక గుర్తింపు) కూడా అక్కడి నుంచే అడగొచ్చు. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) ప్రాజెక్టు లాంటివి సెక్యూరిటీ రిలీజ్ రాబోతోందని సుమారు వారం ముందే చెబుతాయి. దాంతో యూజర్లు ఆ రోజుకు మనుషుల్ని సిద్ధంగా ఉంచుకోగలుగుతారు.

ఇందులో మామూలు బగ్ ఫిక్స్‌లు కలపకండి. అర్ధరాత్రి లేచి అప్‌డేట్ చేసేవాళ్ళకు మారేది ఒక్కటే కావాలి.

ఫిక్స్ పూర్తిగా మూసిందా అన్నది రిపోర్ట్ చేసినవాళ్ళతో, కోడ్‌తో సంబంధం లేని మరొకరితో పరీక్షించండి. 2021 డిసెంబర్‌లో జావా లాగింగ్ లైబ్రరీ లాగ్4జేలో బయటపడ్డ లోపానికి 2.15.0తో ఫిక్స్ వచ్చింది, అది అన్ని పరిస్థితుల్లో సరిపోలేదని తేలి 2.16.0, ఆ తర్వాత బయటపడ్డ వేరే లోపాలకు 2.17.0, 2.17.1 వచ్చాయి. ఒకే నెలలో నాలుగుసార్లు అప్‌గ్రేడ్. మెయింటెయినర్ల మీద ఆ రోజుల్లో ఉన్న ఒత్తిడి మనకు తెలియనిది కాదు. అందుకే ఒత్తిడి మొదలుకాక ముందే, ఫిక్స్ గుట్టుగా ఉన్నప్పుడే, దాన్ని ఛేదించడానికి గట్టిగా ప్రయత్నించాలి.

## 9. రిలీజ్ తర్వాతి వారం

- 2.4.3 చేంజ్‌లాగ్ భాగాన్ని మెయిన్ బ్రాంచ్‌లోకి కూడా తీసుకెళ్ళండి. ఇది మర్చిపోతే 3.1 చేంజ్‌లాగ్‌లో 2.4.3 అనేదే ఉండదు.
- 2.4.xలో వెర్షన్‌ను 2.4.4 డెవలప్‌మెంట్‌గా మార్చి, ఫ్రీజ్ ఎత్తేయండి.
- మైల్‌స్టోన్ మూసి, 2.4.4ది తెరవండి.
- సరిచేసిన ప్రతి ఇష్యూలో "2.4.3లో ఉంది, మీ దగ్గర చూసి చెప్పండి" అని రాయండి.
- డిస్ట్రిబ్యూషన్లలో మీ లైబ్రరీని ప్యాకేజ్ చేసేవాళ్ళకు తెలియజేయండి, వాళ్ళు తమ వైపు వేసుకున్న ప్యాచ్‌లు ఇక అక్కర్లేకపోతే అదీ చెప్పండి.
- వారం పాటు కొత్త ఇష్యూలలో "2.4.3" అన్న మాటను రోజూ వెతకండి.
- ఈసారి చేత్తో చేసిన మెట్లలో తడబడినదాన్ని రిలీజ్ చెక్‌లిస్ట్ ఫైలులో అదే రోజు సరిదిద్దండి. ఆ ఫైలు రిపాజిటరీలోనే ఉండాలి, తర్వాతి రిలీజ్ మేనేజర్ దాన్ని తెరిచి పని మొదలుపెట్టగలగాలి.